ఉప్పుగాలి ఊళ్లో కారు హెడర్‌కు రంగు వేయడం ఎలా

విశాఖ లాసన్స్ బే కాలనీలో మా మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. ఇంటికి వచ్చినవాళ్లందరూ అదృష్టవంతులంటారు. మా కారును అడిగితే వేరే మాట చెబుతుంది. బానెట్ ఎత్తితే చాలు, ఇంజిను పక్కనున్న హెడర్ గొట్టాలు ఎర్రమట్టి పూసినట్టు కనిపిస్తాయి. హెడర్ అంటే తెలియనివారికి ఒక మాట: ఒక్కో సిలిండర్ నుంచి ఒక్కో పైపుతో పొగను తీసుకొచ్చి చివర ఒకే గొట్టంలో కలిపే ఉక్కు పైపుల గుత్తి అది. చాలా కార్లకు కంపెనీ నుంచి వచ్చేది పోత ఇనుముతో దిమ్మలా ఉండే మానిఫోల్డ్. రెండింటికీ రంగు వేసే పద్ధతి ఒకటే. పోత ఇనుముకు ఒక అదనపు జాగ్రత్త ఉంది, దాని సంగతి తర్వాత.

మొదటిసారి నేనీ పని ఆగస్టులో చేశాను. రెండు రోజులు సెలవు దొరికింది, వాన తెరిపిచ్చింది, ఇంకేం కావాలి అనుకున్నాను. పైపును ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, డబ్బా మీద రాసినట్టే స్ప్రే చేశాను. మూడు వారాలు కొత్త పెళ్లికూతురిలా ఉంది. నాలుగో వారం ఉల్లిపొరల్లా లేవడం మొదలైంది. పొర కింద చూస్తే ఆవగింజలంత నారింజ రంగు చుక్కలు. కంచరపాలెంలో ఓడల అడుగులకు రంగులు వేసి రిటైరైన మేస్త్రీ ఒకాయన ఉన్నారు. ఊడిన పెచ్చు తీసుకెళ్లి చూపిస్తే, అటూ ఇటూ తిప్పి, “బాబూ, నువ్వు ఇనుముకు రంగు వేయలేదు, ఉప్పుకు వేశావు” అన్నారు.

కింద రాసినదంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఈ పనిలో రంగు డబ్బా కంటే నీళ్ల బకెట్టుకే ఎక్కువ సమయం ఇవ్వండి.

ఏ రంగు కొనాలి

మామూలు ఎనామెల్ ఇక్కడ రెండు రోజులు కూడా ఉండదు, కాలిపోతుంది. దాని కింద వేసే రెడ్ ఆక్సైడ్ కూడా అంతే. మీకు కావలసింది సిలికోన్ రెసిన్‌తో (రంగుపొడిని పట్టి ఉంచే బంకలాంటిది) చేసిన రంగు. ఆ రెసిన్‌లోని కర్బన భాగం వేడికి కాలిపోయినా, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన బంధం మిగిలి, రంగులోని అల్యూమినియం రేకులనో నల్ల పొడినో ఇనుముకు పట్టి ఉంచుతుంది. అందుకే ఈ రంగుల్లో నమ్మదగినవి రెండే, వెండి రంగు, నలుపు. ఎరుపు, నీలం డబ్బాలు కూడా దొరుకుతాయి కానీ పోర్టుల దగ్గర, అంటే ఇంజినులోంచి పొగ బయటికొచ్చే రంధ్రాల దగ్గర, వాటి అందం ఎన్నాళ్లో ఉండదు.

డబ్బా మీద ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుందో చూడకుండా కొనకండి. “హీట్ రెసిస్టెంట్” అన్న పేరుతో 200 డిగ్రీల సెల్సియస్ వరకే ఆగే రంగులు కూడా ఉంటాయి. అవి బాయిలర్ గదిలో వేడినీటి పైపులకు పనికొస్తాయి. హెడర్‌కు కనీసం 600 డిగ్రీలది కావాలి. పెట్రోలు బండిలో ఇంజిను బాగా శ్రమపడినప్పుడు పోర్టు దగ్గర పైపు చర్మమే 500 డిగ్రీలు దాటగలదు. చీకట్లో ఇనుము మసక ఎరుపుగా కనిపించడం మొదలయ్యేది కూడా దాదాపు ఆ వేడికే. టర్బో ఉన్న పెట్రోలు బండి అయితే ఇంకా ఎక్కువ తట్టుకునేది వెతకండి. డీజిల్‌లో పొగ కొంత చల్లగా వస్తుంది.

ఎంత కావాలి? నాలుగు సిలిండర్ల హెడర్‌లో ఒక్కో పైపు 40 సెంటీమీటర్ల పొడవు, చుట్టుకొలత 12 సెంటీమీటర్లు అనుకుంటే, నాలుగూ కలిపి చదరపు మీటరులో అయిదో వంతు కూడా ఉండదు. చివరి గొట్టం, ఫ్లాంజి (పైపును నట్లతో బిగించే చదును పలక) కలిపినా 400 మిల్లీలీటర్ల స్ప్రే డబ్బా ఒకటి మూడు పూతలకు సరిపోతుంది. రెండు కొంటే రెండూ వాడాలనిపిస్తుంది, అది మంచిది కాదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. బ్రష్‌తో వేసే డబ్బాలు ఆటోనగర్ వైపు పరిశ్రమల రంగులు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. వంపులు లేని పోత మానిఫోల్డ్‌కు అవి బాగానే పనిచేస్తాయి.

మీది స్టెయిన్‌లెస్ స్టీల్ హెడర్ అయితే, నా మాట విని రంగు జోలికి వెళ్లకండి. వేడికి దాని మీద వచ్చే బంగారు, నీలి ఛాయలు లోపం కాదు. వారానికోసారి మంచినీళ్లతో కడిగితే చాలు.

ఎప్పుడు వేయాలి

విశాఖలో ఈ పనికి డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా అనువైన కాలం. అక్టోబరు, నవంబరు తుపానులవి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గాలి తడిగుడ్డలా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ బాగానే కాస్తుంది కానీ ఉక్కపోతకు అరచేయి చెమట పైపుకు అంటుతుంది. చెమట కూడా ఉప్పే! అందుకే ఏ కాలంలో అయినా, కడిగిన తర్వాత చేతి తొడుగులు లేకుండా పైపును ముట్టుకోకండి.

రోజు కుదిరాక గంట కూడా చూసుకోవాలి. చలికాలం తెల్లవారుజామున మంచు కురిసి ఇనుము చెమరుస్తుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుని ఉప్పు మోసుకొస్తుంది. ఈ రెంటికీ మధ్య, సుమారు ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు లోపు, మేడ మీద కాకుండా గాలి మరుగున్న చోట రంగు వేయండి. ఫోనులో గాలిలోని తేమ 85 శాతం దాటినట్టు చూపిస్తే ఆ రోజు మానేయండి. వన్ టౌన్ వైపు ఇళ్లున్నవారికి బాల్కనీల మీద పడే నల్లపొడి సంగతి నేను చెప్పక్కర్లేదు. తడి రంగు మీద అది పడితే గరుకు కాగితం తయారవుతుంది. తలుపు తెరిచిన షెడ్డు నయం.

విప్పడం

పైపు బండి మీద ఉండగానే పైపైన స్ప్రే కొట్టేవాళ్లు ఉన్నారు. కనిపించే సగానికి రంగు పడుతుంది, తుప్పు పట్టే సగానికి పడదు. విప్పాల్సిందే.

ఇంజిను పూర్తిగా చల్లారాక, ముందురోజు రాత్రే ప్రతి నట్టు మీదా తుప్పు వదిలించే నూనె వేయండి. పొద్దున మరోసారి వేయండి. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ఎక్కువ బండ్లలో ఈ నట్లకు 12 లేదా 13 నంబర్ స్పానర్ పడుతుంది. నట్టు కదలకపోతే బలం చూపించకండి. కొంచెం బిగించి, పావు చుట్టు విప్పి, మళ్లీ నూనె వేసి, ముందుకూ వెనక్కూ ఆడించండి. సముద్రం దగ్గరి బండ్లలో స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) విరిగితే ఇంజిను హెడ్‌లోంచి ముక్క తీయడానికి అయ్యే ఖర్చు రంగు డబ్బాకు ఎన్నో రెట్లు. రెండు నట్లు మొరాయిస్తే వేడి పెట్టి తీయగల మెకానిక్ దగ్గరకు వెళ్లడం చిన్నతనమేమీ కాదు.

హెడర్‌కు ఆక్సిజన్ సెన్సర్ ఉంటే, 22 నంబర్ స్పానర్‌తో దాన్ని ముందే తీసి శుభ్రమైన గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. దాని మీద రంగు తుంపర పడకూడదు. ఇంజిను వైపు రంధ్రాల్లో గుడ్డ కుక్కండి. ఒక నట్టు అందులో పడితే ఆ తర్వాతి కథ వేరే. పైపుకూ ఇంజినుకూ మధ్య పొగ కారకుండా ఉండే పాత గాస్కెట్ ఎంత బాగున్నా మళ్లీ వాడకండి.

విప్పాక పైపును వెలుగులో తిప్పి చూడండి. అతుకుల దగ్గర నల్లటి మసి గీత కనిపిస్తే అక్కడ పగులు ఉన్నట్టే. దాన్ని వెల్డింగ్ చేయించాలి. రంగు పగులును దాస్తుంది, పొగను ఆపదు. పుట్టీ పెట్టి మూయడం మరీ పనికిమాలిన పని, మొదటి వేడికే రాలిపోతుంది.

కడగడం, మళ్లీ కడగడం

ముందు జిడ్డు పోవాలి. కిరోసిన్, బ్రష్‌తో నూనె, మడ్డి వదిలించండి. కిరోసిన్ తనవంతుగా ఒక పలుచని జిడ్డు పొర వదులుతుంది కాబట్టి వెంటనే గిన్నెలు తోమే సబ్బునీళ్లతో రుద్ది, ధారగా మంచినీళ్లు పోయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే పేటల్లో ఉంటే బోరు వద్దు, కుళాయి నీళ్లు పట్టుకోండి.

తర్వాత తుప్పు. గ్రైండర్‌కు తీగల బ్రష్ తగిలించి పెద్ద పొలుసులు రాల్చండి. కళ్లద్దాలు తప్పనిసరి. ఆ బ్రష్ తీగలు ఊడి బాణాల్లా వస్తాయి. పైపుల సందుల్లో గ్రైండర్ దూరదు. అక్కడ 80 నంబర్ ఎమరీ గుడ్డను పట్టీలుగా చించి, చెప్పులు తుడిచేవాళ్లు గుడ్డ లాగినట్టు రెండు చేతులతో అటూ ఇటూ లాగండి. చివర 120 నంబర్‌తో ముగించండి. అంతకంటే నున్నగా చేయకండి. నేను మొదటిసారి చేసిన రెండో తప్పు అదే, అద్దంలా మెరిపించాను. రంగు పట్టుకోవడానికి ఇనుముకు గరుకు కావాలి.

గాలి వేగంతో రవ్వ కొట్టించే (బ్లాస్టింగ్) వీలుంటే అంతకన్నా మంచి పద్ధతి లేదు. ఓడల రంగుల పని ఉన్న ఊరు కాబట్టి బ్లాస్టింగ్ చేసే షెడ్లు మనకు కొత్త కాదు. రాగి చిట్టెపు రవ్వ గానీ గార్నెట్ గానీ వాడుతున్నారా అని అడగండి. భీమిలి తీరంలో ఇసుక మీద ఎర్రటి చారలు చూసే ఉంటారు, ఆ ఎర్ర రవ్వల్లో గార్నెట్ ఉంటుంది. అలాగని బీచ్ ఇసుక బస్తాలో తెచ్చి ఇంట్లో కంప్రెసర్‌తో కొడదామని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. అందులో ఉప్పుకు ఉప్పు, పైగా మామూలు ఇసుక పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్. వద్దు.

తుప్పు పోయింది కదా అని ఇక్కడ ఆగకండి. మేస్త్రీ గారు నాకు నేర్పింది ఇక్కడే. ఉప్పు తుప్పు పైన ఉండదు, తుప్పు చేసిన గుంటల అడుగున ఉంటుంది. పైపొర తీసేసరికి ఆ గుంటలు తెరుచుకుంటాయి. అప్పుడు మళ్లీ కడగాలి. వేడినీళ్లు, గట్టి నైలాన్ బ్రష్, చివర ధారగా నీళ్లు. హెయిర్ డ్రయర్‌తో వెంటనే ఆరబెట్టి ఒక గంట అలా వదిలేయండి. ఆ గంటలో పైపంతా సన్నగా, ఒకే తీరుగా గోధుమ ఛాయ వస్తే అది తేమ వల్ల వచ్చిన మామూలు తుప్పు, ఎమరీతో ఒక్క చేయి వేస్తే పోతుంది. అలా కాకుండా అక్కడక్కడా ముదురు చుక్కలు తేలితే ఆ చుక్కల కింద ఇంకా ఉప్పు ఉంది. అక్కడ రుద్ది, కడిగి, ఆరబెట్టి మళ్లీ చూడండి. నాకు మూడుసార్లు పట్టింది. మూడోసారి విసుగొచ్చి వదిలేద్దామనుకున్నాను కూడా.

తుప్పును నల్లగా మార్చే ఆమ్లపు ద్రావణాలు గేట్లకు బాగుంటాయి. ఇక్కడ రంగు తయారీదారు ప్రత్యేకంగా చెబితే తప్ప వాడకండి. ఆ పొర వేడికి విడిపోతే మీద రంగు కూడా దానితో పోతుంది.

పోత ఇనుము సంగతి తర్వాత చెబుతానన్నాను. దానికి సన్నని రంధ్రాలుంటాయి, ఏళ్లుగా నూనె తాగి ఉంటుంది. ఎంత కడిగినా వేడి తగిలితే ఆ నూనె చెమటలా బయటికి వస్తుంది. అందుకని జిడ్డంతా కడిగి ఆరాక, బయట ఖాళీ స్థలంలో గ్యాస్ టార్చ్‌తో నెమ్మదిగా అంతటా వేడి చేసి, పొగ రావడం ఆగాక, దానంతట అదే చల్లారనిచ్చి, మళ్లీ బ్రష్ చేయండి. నీళ్లు పోసి చల్లార్చితే పగులుతుంది. జింకు పూత ఉన్న గొట్టాన్ని మాత్రం ఇలా కాల్చకండి, ఆ తెల్లటి పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

ఆఖరున అసిటోన్‌తో తడిపిన, పోగులు రాలని తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డ మురికిగా వచ్చినంత సేపు గుడ్డ మారుస్తూ ఉండండి. దగ్గరలో పొయ్యి, అగరుబత్తి, సిగరెట్టు ఏవీ ఉండకూడదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్లు అసలే వద్దు, వాటి తడి మిగిలి ఉండగా వేడి తగిలితే విషవాయువు పుడుతుంది.

రంగు వేయడం

ఇంత చాకిరీ తర్వాత అసలు రంగు వేయడానికి గంట చాలు.

ఫ్లాంజిల ముఖాలు, సెన్సర్ మర, పైపు నోళ్లు టేపుతో మూయండి. లోపల రంగు పడకూడదు. తీగతో పైపును గాలిలో వేలాడదీస్తే అన్ని వైపులా అందుతుంది. స్ప్రే చేసే ముందు హెయిర్ డ్రయర్‌తో పైపును గోరువెచ్చగా చేయండి. చేతికి హాయిగా అనిపించే వేడి చాలు. గాలిలోని తేమ మంచుబిందువులుగా మారే ఉష్ణోగ్రత కంటే లోహం కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలన్నది ఓడల రంగుల వాళ్ల నియమం. గోరువెచ్చగా ఉంటే ఆ లెక్క మీరు వేయనక్కర్లేదు.

డబ్బాను రెండు నిమిషాలు గలగలలాడించండి. బరువైన పొడి అడుగున చేరి ఉంటుంది. 25 సెంటీమీటర్ల దూరం నుంచి మొదటి పూత పొగమంచులా వేయండి, కింద ఇనుము కనిపిస్తూనే ఉండాలి. ముందు వంపుల లోపలి వైపు, పైపుల సందులు, అడుగుభాగం. ఎదురుగా కనిపించేది ఆఖరున. పది, పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. అక్కడితో చాలు.

మందంగా వేస్తే బలంగా ఉంటుందన్నది గోడల రంగు నేర్పిన అలవాటు. ఇక్కడ అది చేటు. అర మీటరు ఉక్కు పైపు 500 డిగ్రీల దాకా వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. పలుచని పొర దానితో పాటు సాగగలదు. మందపు పొర సాగలేక పగులుతుంది. పైగా దాని అడుగున చిక్కుకున్న ద్రావకం వేడికి బుడగలుగా లేస్తుంది. అందుకే రెండో డబ్బా కొనవద్దన్నది.

ఆవిరులను అడ్డుకునే మాస్కు పెట్టుకోండి, చేతి రుమాలు సరిపోదు. రాత్రంతా దుమ్ము తగలని చోట ఆరనివ్వండి.

బిగించి వేడి చూపించడం

ఆరిన రంగు ఇంకా పచ్చిదే. ఇప్పుడు పెట్రోలు చుక్క పడినా కరిగిపోతుంది. సుమారు 200 డిగ్రీల పైన వేడి తగిలితేనే ఆ రెసిన్ గట్టిపడుతుంది. వంటింటి ఓవెన్‌లో పెట్టాలన్న ఆలోచన వస్తే తరిమేయండి, ఆ ఆవిరి తర్వాత మీరు చేసే కేకులోకి వస్తుంది. ఇంజినే మన కొలిమి.

కొత్త గాస్కెట్ వేసి, నట్లన్నీ చేత్తో పట్టించి, మధ్య నుంచి అంచులకు వెళ్తూ రెండు మూడు దఫాలుగా బిగించండి. ఎంత బిగువో మీ బండి మాన్యువల్లో ఉంటుంది. శుభ్రమైన గుడ్డతో పైపు మీది వేలిముద్రలు తుడిచేయండి, వేడికి అవి శాశ్వతంగా అచ్చుపడతాయి.

బండిని ఆరుబయటికి తీయండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని చేయకండి. రంగు పొగ ఒకటే కాదు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా అక్కడ నిలిచిపోతుంది. బానెట్ ఎత్తి, ఇంజిను ఐడిలింగ్‌లో 10 నిమిషాలు నడిపి ఆపండి. 20 నిమిషాలు చల్లారనివ్వండి. మళ్లీ 20 నిమిషాలు నడిపి, మళ్లీ 20 నిమిషాలు ఆపండి. మూడోసారి అరగంట నడపాలి. మీ డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించండి. మొదటి రెండుసార్లు పొగ, ఘాటు వాసన వస్తాయి, కంగారు పడకండి. మంట ఆర్పే సిలిండర్ ఒకటి చేతికందేలా ఉంచుకోండి. రంగు వేడికి కాసేపు మెత్తబడుతుంది కాబట్టి గట్టిపడిందో లేదో వేలితో చూడాలన్న కోరికను ఆపుకోండి.

మూడో విడత అరగంటను రోడ్డు మీద గడపడం నాకిష్టం. మద్దిలపాలెం నుంచి హైవే పట్టుకుని ఆనందపురం వైపు, ఒకే వేగంతో, యాక్సిలరేటర్ తొక్కి పట్టకుండా. భీమిలి బీచ్ రోడ్డు అందంగానే ఉంటుంది కానీ ఆ రోజు వద్దు. వాన నీళ్లు నిలిచిన వంతెనల కిందికి కూడా వెళ్లకండి, కాలుతున్న పచ్చి రంగు మీద నీళ్లు చిమ్మితే పెచ్చులే.

మర్నాడు పొద్దున, చల్లగా ఉండగా, నట్లన్నీ ఒకసారి సరిచూడండి. ఒకటి రెండు వదులవుతాయి. “టిక్ టిక్” మని గాలి కొట్టే శబ్దం వస్తే గాస్కెట్ సరిగా కూర్చోలేదన్నమాట.

తర్వాత ఎప్పుడైనా రంగు ఊడితే, ఊడిన చోటును చదవడం నేర్చుకోండి. కింద ఇనుము మెరుస్తూ ఉంటే జిడ్డు మిగిలిందనో మరీ నున్నగా రుద్దారనో అర్థం. నారింజ చుక్కలుంటే ఉప్పు. బుడగలుంటే మందం, లేదా మొదటి వేడి తొందరగా ఇచ్చారు. పోర్టు దగ్గర మాత్రమే బూడిదలా రాలితే డబ్బా మీది డిగ్రీలు చాలలేదు. పైపుకు గుడ్డపట్టీ చుట్టేస్తే ఈ బాధంతా ఉండదు కదా అని అడుగుతారు. పొడి ఊళ్లలో చుట్టుకోండి. ఇక్కడ ఆ పట్టీ తేమనూ ఉప్పునూ పట్టుకుని పైపును లోలోపలే తినేస్తుంది, తెలిసేసరికి చిల్లులుంటాయి.

నా రెండో పూత జనవరిలో వేసింది. రెండు వానాకాలాలు దాటింది. నాలుగు పైపులూ కలిసే చోట, అడుగున, అరచేతిలో సగమంత మేర మాత్రం ఎర్రబడింది. బ్రష్ దూరని సందు అది. మూడోసారి కడిగేటప్పుడు విసుగొచ్చిందన్నానే, అక్కడే.